అకారాది క్రమంలో నూట అరవై ముగ్గురు

సింగ్‌నగర్, విజయవాడ
6 జూలై 2025

పద్మావతి అక్కయ్య గారికి,
శౌరమ్మ నమస్కారాలు.

మీరు మే 19న రాసిన ఉత్తరం 22న అందింది. జవాబుకు నలభై అయిదు రోజులు పట్టింది, క్షమించాలి. 23న కుడి కంటికి శుక్లం ఆపరేషన్ జరిగింది. నెల రోజులు ఫోను చూడవద్దన్నారు డాక్టరు. నేను నలభై రోజులు చూడలేదు. "నెల దాటింది కదా అమ్మమ్మా" అని మనవరాలు వినీల సణిగింది. "వాళ్లు చెప్పింది కనీసం, నేను పాటించేది పూర్తి" అన్నాను. చుక్కలు ఆరు గంటలకోసారి వేయాల్సిన పిల్ల రెండుసార్లు ఆలస్యం చేసింది. తేదీ, గంట రాసి గోడకు అంటించాను. ఆ తర్వాత ఆలస్యం కాలేదు.

మీకు చెవులు బాగుంటే ఫోన్లోనే అరిచి చెప్పేదాన్ని, అంత మంచి కబురు. కాగితం మీద వరసగా చెబుతాను. మీకు తెలిసినవి కూడా రాస్తాను. ఈ ఉత్తరాలకు నకళ్లు దాస్తున్నాను కనుక తర్వాత చదివేవాళ్లకు అర్థం కావాలి.

డెబ్బై ఏడు ఉప్పెన తర్వాత మూడు రోజులు కొత్తలంక ఇసుక దిబ్బ మీద, సాయానికి వచ్చిన మీరూ నేనూ రాసిన రిజిస్టరు సంగతి ఇది. నేను పనిచేసే లైబ్రరీలో తడవకుండా మిగిలింది ఒక్క స్టాకు రిజిస్టరే. పుస్తకానికి నెంబరు వేసినట్టే మనిషికో నెంబరు వేశాం. నెంబరు, పేరు, వయసు, ఒంటి మీద గుర్తులు. మీరు చూసి చెప్పేవారు, నేను రాసేదాన్ని. మరుసటి ఏడు చర్చివాళ్లు సమాధుల దగ్గర సిమెంటు దిమ్మెలు పాతించారు. వాటి మీద నెంబర్లే ఉన్నాయి. పేర్లు మన రిజిస్టర్లోనే.

నిరుడు సెప్టెంబరులో బుడమేరు నీళ్లు మా ఇంట్లో నడుము ఎత్తున నిలిచినప్పుడు ఆ రిజిస్టరు ముద్దయిపోయిందని మీకు రాశాను. అప్పటికే నూట అరవై మూడు పేర్లూ ఆన్‌లైన్ షీటులోకి ఎక్కించి ఉన్నాను. కాగితాన్ని నీళ్లు తీసుకున్నాయి, షీటును తాకలేకపోయాయి. డెబ్బై ఒకటో ఏట నేర్చుకున్న విద్య అక్కరకు వచ్చిందని కొంచెం గర్వపడ్డాను.

అది ఎంత మంచి పనిముట్టో మీరు ఊహించలేరు. కార్డు కేటలాగులో ఒక డ్రాయరు ముందు ఒక పాఠకుడు నిలబడితే రెండోవాడు ఆగాలి. దీన్ని ఏలూరు నుంచి ఒకరు, బాపట్ల నుంచి ఒకరు ఒకే నిమిషంలో తెరవవచ్చు. పేరులో రెండక్షరాలు కొడితే మనిషి దొరుకుతాడు. ఆపరేషన్ ముందు రోజు, మే 22న, ఆఖరి మెరుగు పెట్టాను. పేర్లను అకారాది క్రమంలోకి మార్చాను. ముప్పై అయిదేళ్లు కార్డులు సర్దిన చేతికి ఆ పని ఒక్క మీటతో అయిపోవడం చూస్తే కళ్లు చెమర్చాయి. దాన్ని ఫెయిర్ కాపీగా కొత్త షీటులో దించి, గ్రూపులకు పంపి, రఫ్‌ను తీసేశాను.

ఇక కబురు. మంగళగిరి నుంచి హెప్సిబా అనే ఆమె రాసింది. యాభై రెండేళ్లు. చీరలకు కుచ్చులు కడుతుంది. ఉప్పెన నాటికి నాలుగేళ్ల పిల్ల. మేనత్త పెంచింది. "మీ అమ్మ దిబ్బ మీద ఉంది" అనడం తప్ప ఏ నెంబరో ఆ మేనత్త చెప్పలేదట. చర్చి గ్రూపులో మన షీటు చూసి తల్లి అమలమ్మ పేరు కొట్టింది. దొరికింది. నాలుగో నెంబరు, ఇరవై రెండేళ్లు, ఒడిలో ఎనిమిది నెలల ఆడబిడ్డ. తనకొక చెల్లెలు ఉండేదని ఆమెకు మొదటిసారి తెలిసింది అక్కయ్యా. ఆ బిడ్డకు కృప అని పేరు పెట్టుకుంది. నవంబరు రెండున, సమాధుల పండుగకు, నాలుగో దిమ్మె దగ్గర తల్లికో రాయి, చెల్లికో రాయి వేయిస్తుందట.

మనం చేసిన పని నలభై ఎనిమిదేళ్లకు ఒక మనిషికి చేరింది. మీకు తప్ప ఎవరికి చెప్పుకోను?

మీ
శౌరమ్మ


చల్లపల్లి
14 జూలై 2025

చిరంజీవి శౌరమ్మకు,

కళ్లు వచ్చాయన్నమాట, సంతోషం. నాకు చెవులు పోయి హాయిగా ఉంది. మా కోడళ్లు ఒకళ్ల మీద ఒకళ్లు చెప్పేది నా దాకా రావడం లేదు. ఆ వినీలను అంతలా సతాయించకు. గోడకు నోటీసు అంటించే అమ్మమ్మను ఇంకెక్కడా చూడలేదు. నా దగ్గర కూడా రెండు రోజుల ఆలస్యానికి ఫైను వసూలు చేసిన దానివి, నీకు చెప్పి ఏం లాభం.

నీ షీటు సంగతి చదివాను. ఒక్కటి అడుగుతాను. అమలమ్మ ఒడిలో బిడ్డ ఉందని నీ పుస్తకంలో రాసి ఉందా? నువ్వు రాశావంటే ఉండే ఉంటుంది. నాకెందుకో అలా గుర్తు లేదు. డెబ్బై అయిదు నిండాయి, నా గుర్తుకేం విలువ.

ఆ రోజుల గురించి నాకు ఎక్కువ రాయకు. ఆ పేజీలు నీళ్లలో పోయాయని నిరుడు నువ్వు రాసినప్పుడు నువ్వు ఏడ్చావు. నేను ఏడవలేదు.

చోడవరం మామిడికాయ పచ్చడి సీసాతో పంపుతున్నాను. సీసా తిరిగి పంపనక్కర్లేదు.

ఆశీస్సులతో
పద్మావతి


సింగ్‌నగర్, విజయవాడ
29 జూలై 2025

అక్కయ్య గారికి,

ఘోరం జరిగింది. చేసింది నేను.

మీ ఉత్తరం 18న చేరింది. మీకు బిడ్డ గుర్తు లేదన్న మాట చదివి, వయసు మీద పడిందనుకున్నాను. అయిదు రోజులు అలాగే అనుకున్నాను. 23న షీటు కింద కంకిపాడు నుంచి ఆమోసు అనే అతను ఒక మాట రాశాడు. "మా తాత బాలశౌరికి ఆరో నెలంట. సీమంతం ఎప్పుడు చేద్దాం లైబ్రేరియన్ గారూ?" దాని కింద పదకొండు మంది నవ్వు బొమ్మలు పెట్టారు.

తెరిచి చూశాను. బాలశౌరి. వయసు 19. ఆరు నెలల గర్భిణి.

ఎలా జరిగిందో రాస్తాను. మే 22న నేను పేర్లున్న నిలువు గడి ఒక్కటే ఎంచుకుని క్రమం మార్చాను. పేర్లు కదిలాయి. నెంబర్లు, వయసులు, గుర్తులు ఎక్కడివక్కడే ఉండిపోయాయి. నూట అరవై ముగ్గురి పేర్లు ఇంకొకరి శరీరాల పక్కకు వెళ్లాయి. శుక్లం కమ్మిన కంటికి ఫోను తెర మీద పేర్ల గడి, దాని పక్కన ఇంకొక్క గడి కనిపించేవి. నేను పేర్లే చూసుకున్నాను. అ నుంచి హ వరకు ఎంత అందంగా ఉన్నాయో చూసుకున్నాను.

పాత షీటు ఉంటే అందులో జరిగిన ప్రతి మార్పూ తేదీతో సహా నిలిచి ఉండేదట. మన రిజిస్టర్లో కొట్టివేతలకు ఎర్ర సిరా గీత, పక్కన పొట్టి సంతకం ఉండేవి కదా, అలాంటిదే. ఆ ఏర్పాటు ఉందని నాకు తెలియదు. ఆఫీసు అలవాటు ప్రకారం ఫెయిర్ కాపీ తయారు కాగానే రఫ్ తీసేశాను. తీసేసినది ముప్పై రోజులు చెత్తబుట్టలో ఉంటుందట. ఆ తర్వాత దానంతటదే పోతుందట. నేను నలభై రోజులు చూడలేదు. వినీల నెలకే చూడమంది.

హెప్సిబా తల్లి నాలుగో నెంబరు అవునో కాదో నాకు తెలియదు. ఆ బిడ్డ ఎవరి బిడ్డో తెలియదు. షీటు మూసేశాను. మర్నాడే హెప్సిబా రాసింది. "తెరుచుకోవట్లేదండీ, చెల్లి సంగతి మావాళ్లకు చూపిద్దామంటే." ఏదో రిపేరు అని అబద్ధం రాశాను. నా సర్వీసులో అబద్ధం రాయలేదు.

అక్కయ్యా, మూడు రోజులూ చూసింది మీరు. మీ నోటి మాటే నేను రాశాను. గుర్తున్నంత రాయండి. ఏ పేరుకు ఏ గుర్తు, రెండు ముక్కలు చాలు. నవంబరు రెండుకు తొంభై ఆరు రోజులు ఉన్నాయి.

శౌరమ్మ


చల్లపల్లి
6 ఆగస్టు 2025

శౌరమ్మకు,

నాకేమీ గుర్తు లేదు. నిజంగానే లేదు.

ఒక మాట చెబుతాను, కోప్పడకు. ఆ పిల్లకు చెల్లెలు దొరికింది. ఉండనీ. నలభై ఎనిమిదేళ్లు ఎవరూ లేకుండా బతికిన మనిషి. రాయి ఏ ఇసుక మీద ఉంటే ఎవరికి నష్టం? దేవుడికి అన్ని నెంబర్లూ తెలుసు, మీ దేవుడికైనా మా దేవుడికైనా. నువ్వు మళ్లీ ఆ పుస్తకం తెరవకు.

పద్మావతి


సింగ్‌నగర్, విజయవాడ
31 ఆగస్టు 2025

పద్మావతమ్మ గారికి,

ఉండనీ అన్నారు. ఎలా ఉండనివ్వను? నాలుగో దిమ్మె కింద ఉన్నదెవరో ఇప్పుడు నాకు తెలుసు.

ఈ ముప్పై రోజుల్లో ఏం చేశానో చెబుతాను. చర్చి గ్రూపులకు, మత్స్యకార సంఘాల గ్రూపులకు, పాత విద్యార్థుల గ్రూపులకు రాశాను. మే 22కు ముందు ఈ షీటును ఎవరైనా దించుకున్నారా అని అడిగాను. జనవరిలో ఎవరో మన షీటును వీడియో తీసి, వెనక విషాద సంగీతం పెట్టి ఎక్కించారు. నలభై వేల మంది చూశారు. మూడు వేల మంది దణ్ణం బొమ్మలు పెట్టారు. ఒక్కరు కూడా దాచుకోలేదు. ఆ వీడియోలో అక్షరాలు కనిపించవు, కొవ్వొత్తి మంట కనిపిస్తుంది. మన లైబ్రరీకి రోజుకు నలభై మంది వచ్చేవాళ్లు. ఎవరు ఏ పేజీ చింపారో నాకు తెలిసేది. ఇక్కడ నలభై వేల మంది వచ్చి వెళ్లారు, ఒక్కరి మొహం తెలియదు. చూడటం, ఉంచుకోవడం ఒకటేనని నేనే పొరబడ్డాను.

నా విన్నపం కింద జవాబులు వచ్చాయి. "ఈ వయసులో ముసలావిడకి ఫోనెందుకు, జపమాల ఇవ్వండి." "ఇదేదో నిధులు నొక్కే ప్లాను." ఒకాయన గంట పాఠం చెప్పాడు, క్రమం మార్చేటప్పుడు అన్ని గళ్లూ ఎంచుకోవాలని. అన్నీ చదివాను. అందులో ఒకడైనా నకలు ఉందంటాడేమోనని.

ఉందన్నది ఒక్కడే. కంకిపాడులో సిద్ధార్థ అనే ఇంజనీరు. ఎవరికో పంపుదామని ఏప్రిల్లో ఫోన్లో తెర ఫొటో తీశాడట. అందులో మొదటి పద్దెనిమిది వరసలు ఉన్నాయి. ఆమోసుకు క్షమాపణ రాస్తే, అతనే మనసు కరిగి, తెలిసిన కుటుంబాలన్నిటికీ ఫోన్లు చేశాడు. ఏటా దిబ్బకు వెళ్లేవాళ్లు ముప్పై ఏడు మంది నెంబర్లు చెప్పారు. రెండింటిలోనూ ఉన్నవి ఆరు. మొత్తం నలభై తొమ్మిది కుదిరాయి. నూట పద్నాలుగు కుదరలేదు.

కుదిరిన వాటిలో నాలుగు ఉంది. నాలుగు సంపూర్ణమ్మ. ఇరవై రెండేళ్లు, ఒడిలో ఎనిమిది నెలల ఆడబిడ్డ. అమలమ్మ పేరు అకారాదిలో నాలుగోది కావడం వల్ల ఆ గడిలోకి వెళ్లి పడింది. అంతే. ఆ చెల్లెల్ని హెప్సిబాకు ఇచ్చింది నేను నొక్కిన మీట.

అమలమ్మ మిగిలిన నూట పద్నాలుగులో ఎక్కడో ఉంది. హెప్సిబా నిన్న ఫొటో పంపింది. రాళ్లు చెక్కించింది. పెద్దది, చిన్నది. చిన్నదాని మీద కృప అని ఉంది. "బాగుందా అమ్మగారూ" అని అడిగింది. జవాబు ఇవ్వలేదు. ఇప్పుడు వెళ్లి నీకు చెల్లి లేదని చెప్పాలి. "మరి మా అమ్మ ఎక్కడ" అంటే తెలియదని చెప్పాలి. ఉన్నదీ తీసుకుని, ఏమీ ఇవ్వకుండా తిరిగి రావాలి. ఆ పని నా చేత కావడం లేదు.

మీకు ఎప్పుడూ చెప్పనిది చెబుతున్నాను. గుర్తు తెచ్చుకోవలసినది నేనెందుకు, నువ్వెందుకు కాదు అని మీరు అడగవచ్చు. ఆ మూడు రోజులూ నేను ఒక్క మొహం కూడా చూడలేదు. రిజిస్టరు వైపే చూశాను. గీతలు తిన్నగా ఉన్నాయా, నెంబరు తప్పలేదు కదా, అదే చూశాను. తలెత్తితే రాయలేనని తెలుసు. అందరూ ఆ అమ్మాయిది ఎంత గుండె ధైర్యం అన్నారు. ప్రశంసాపత్రం ఇచ్చారు. నాకు తెలిసినదల్లా నా దస్తూరి. మొహాలు మీ దగ్గర ఉన్నాయి.

మీకు గుర్తు లేదంటే నేను నమ్మను. జూలైలో బిడ్డ లేదని వెంటనే పట్టుకున్నది మీరే. మీకు అమలమ్మ గుర్తుంది. నలభై ఎనిమిదేళ్లలో మిమ్మల్ని ఏమీ అడగలేదు. కాళ్లు పట్టుకుని అడుగుతున్నాను.

శౌరమ్మ


చల్లపల్లి
15 సెప్టెంబరు 2025

శౌరీ,

నాలుగుసార్లు మొదలుపెట్టి చించాను. ఇది అయిదోది.

ముందు ఆ "పద్మావతమ్మ గారు" తీసెయ్యి. కోపం వస్తే తిట్టు, గారు అనకు.

గుర్తుంది. అందరూ గుర్తున్నారని చెప్పను, కొందరు ఉన్నారు. అమలమ్మ బాగా గుర్తుంది. ఆవిడది తొంభై ఏడు. నీ షీటులో తొంభై ఏడుకు ఎదురుగా ఏముందో చూడు. ఆకుపచ్చ నేత చీర, పసుపు అంచు అని ఉండాలి. ఉంటే అది ఆవిడే.

ఎందుకు ఇంత గట్టిగా చెప్పగలనంటే ఆ చీర నాది.

రెండో రోజు మధ్యాహ్నం. నువ్వు తాటి మొద్దు మీద కూచుని తల వంచుకుని రాస్తున్నావు. నువ్వు చూడటం లేదని నాకు అప్పుడే తెలుసు, నీకు చెప్పలేదు. ఇద్దరు మగవాళ్లు ఆవిణ్ని ఈత చాప మీద తెచ్చి పెట్టారు. ఉప్పెన చాలామంది బట్టలు పీకేసింది. చింపి, మెడలకు చుట్టి, ఘోరంగా. ఈవిడ అలా లేదు. రవికె గుండీలు పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి. లంగా బొందు రెండు ముళ్లు వేసి బిగించి ఉంది. చీర ఒక్కటే లేదు. నీళ్లు లాగినట్టు లేదు, తనే విప్పినట్టుంది. ఎందుకో నాకు తెలియలేదు. ఇప్పటికీ తెలియదు.

మొహం చూసి పేరు చెప్పడానికి ఆవిడ ఆడపడుచు వస్తోందని ఎవరో అన్నారు. ఆ మగవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఒకడు ఏదో అన్నాడు. నేను రాయను. ఒంటి మీద చీర లేదన్న మాట నీ పుస్తకంలో ఉండిపోతే, రేపు ఊళ్లో ఆవిడ పేరు పక్కన ఆ మాటే నిలుస్తుంది. బతికినవాళ్లకు పంచుదామని మా ఇంటినుంచి బట్టల మూట తెచ్చాను, అందులో నా చీర ఉంది. కట్టాను. నీకు "ఆకుపచ్చ నేత చీర, పసుపు అంచు" అని చెప్పాను. నువ్వు రాశావు. కాసేపటికి ఆడపడుచు వచ్చి పేరు చెప్పింది.

నీ లెక్కలో ఒక అబద్ధం పెట్టింది నేను. ఒక్కటే అని కూడా అనలేను. గుర్తు తెలియని పసివాళ్లను ఏడ్చి పడిపోతున్న తల్లులకు చూపించి, వీడు మీవాడే అని రెండుసార్లు అన్నాను. అవి ఇక్కడ రాయను. నువ్వు నీ రిజిస్టరు గురించి తప్పు పోని లెక్క అని చెప్పుకుంటుంటే నలభై ఎనిమిదేళ్లు వింటూ కూచున్నాను. పుస్తకం తడిసిపోయిందంటే ఏడవలేదు అన్నానే, ఇందుకే.

ఆ పిల్లకు ఇది చెప్తావో లేదో నీ ఇష్టం. నాకైతే ఇన్నాళ్లూ ఆవిడ మర్యాద కాపాడాననే ఉంది.

పద్మావతి


సింగ్‌నగర్, విజయవాడ
5 అక్టోబరు 2025

అక్కయ్యా,

మీ ఉత్తరం 19న చేరింది. రెండు రోజులు మీ మీద కోపంతో ఉన్నాను. మూడో రోజు ఆ కోపం ఎక్కడ పెట్టాలో తెలియలేదు. షీటులో తొంభై ఏడు చూశాను. మీరు చెప్పిన చీరే.

నిన్న మంగళగిరి వెళ్లాను. వినీల వస్తానంది, వద్దన్నాను. బస్సు దిగి ఆటోలో వాళ్ల వీధికి చేరేసరికి పదకొండయింది. హెప్సిబా వరండాలో చాప మీద కూచుని చీర కొంగుకు కుచ్చులు కడుతోంది. గోడకు రెండు రాళ్లు ఆనించి ఉన్నాయి, గోనె సంచులు కప్పి. నన్ను చూసి లేచింది.

"అమ్మగారూ, మీరే వచ్చారా! కబురు పెడితే నేను రాకపోదునా? ఎండలో ఎట్టా వచ్చారు?"

"కూచోమ్మా. చెప్పాల్సింది ఉంది. చెప్పాక మంచినీళ్లు ఇస్తే తాగుతాను."

అన్నీ చెప్పాను. అకారాది క్రమం, ఫెయిర్ కాపీ, నలభై రోజులు, నాలుగో నెంబరు, సంపూర్ణమ్మ. కుచ్చుల దారం వేలికి చుట్టుకుని వింది.

"అంటే కృప మా చెల్లి కాదంటారా?"

"కాదమ్మా."

"మూడు నెలలండీ. మూడు నెలల నుంచి రోజూ ప్రార్థనలో పేరు పెట్టి తలుచుకుంటున్నా. మా పిల్లలకి మీ పిన్ని అని చెప్పా. ఒకళ్ల చెల్లెల్ని ఫోన్లో పెట్టి ఇచ్చేసి, ఇప్పుడు కాదంటే ఎట్టాగండీ? మీరు చూసుకోవద్దా? అంత చదువుకున్నారు గదా!"

"చూసుకోవాల్సింది. చూసుకోలేదు."

"ఎన్నాళ్ల నుంచి తెలుసు మీకు?"

"జూలై 23 నుంచి."

"రాళ్ల ఫొటో పంపితే పలకలేదు, అందుకా." ఆమె మొహం తిప్పుకుంది. వీధిలో ఎవరో "పిన్నీ, చీరయిందా" అని అరిస్తే "రేపు రా" అని కసిరింది. వేలికి చుట్టిన దారం విప్పుకుంటూ అడిగింది. "మా అమ్మన్నా ఉందా, అదీ తప్పేనా?"

తొంభై ఏడు అని చెప్పాను. ఎలా తెలిసిందో కూడా చెప్పాను. చీర లేదని చెప్పాను. రవికె గుండీలు, లంగా బొందు ముళ్లు, మీరు రాసింది రాసినట్టే చెప్పాను. ఎవరో ఒకావిడ తన చీర కట్టి, అదే గుర్తుగా రాయించిందని చెప్పాను. మీ పేరు చెప్పలేదు.

అక్కయ్యా, ఆమె నవ్విందో ఏడ్చిందో నాకు తెలియలేదు. రెండు చేతులతో నా మోకాళ్లు పట్టుకుంది.

"అమ్మగారూ, నన్ను కొబ్బరి చెట్టుకి కట్టేశారండీ. చీరతోటి. పైన, మట్టల మధ్య మొవ్వలో. మూడో రోజు దించారంట, ముడి ఊడక కొడవలితో కోశారంట. మా అత్తని అడిగేదాన్ని, అమ్మే కట్టిందా అని. 'కాదే, మీ అమ్మ ఒంటి మీద చీర ఉంది, నేను కళ్లారా చూశా, పచ్చ చీర. నిన్ను కట్టింది ఎవరో పుణ్యాత్ముడు, మీ అమ్మ నిన్ను వదిలేసి ఎటో కొట్టుకుపోయింది' అనేది. చచ్చేదాకా అదే మాటండీ. నేనూ అదే అనుకున్నా. నన్ను వదిలేసిందనే అనుకున్నా."

ఆ చీర సంగతి మీకు తెలియదు. నాకు తెలియదు. ఆ అత్తకు తెలియదు. నేను తలెత్తి ఉంటే తెలిసేదేమో, నేనూ తలెత్తలేదు.

ఆమె లేచి మంచినీళ్లు తెచ్చింది. నేను తాగేదాకా నిలబడింది. తర్వాత గోనె సంచి తీసి చిన్న రాయి చూపించింది.

"సంపూర్ణమ్మ గారి తాలూకు ఎవరున్నారండీ?"

"ఈ నలభై ఎనిమిదేళ్లలో ఎవరూ అడగలేదమ్మా. ఆ ఇంట్లో ఎవరూ మిగలలేదు."

"అయితే ఈ రాయి నాలుగు దగ్గరే ఉంటది. వాళ్లమ్మ పేరు కూడా చెక్కిస్తా. పేరు పెట్టాక పేరు లేకుండా ఎట్టా పడుకుంటది ఆ బిడ్డ? పెద్దది తొంభై ఏడుకి." వెంటనే నా వైపు తిరిగి, "అయినా మీ మీద కోపం పోలేదండీ. పోయిందని చెప్పలేను" అంది.

పోవక్కర్లేదన్నాను. కుదరనివి ఇంకా నూట పదమూడు ఉన్నాయి. ఆ కుటుంబాల్లో ఎంతమంది ఇలా రాళ్లు చెక్కించారో నాకు తెలియదు.

గుమ్మం దాటుతుంటే ఆమె అడిగింది. "ఆ చీర కట్టినావిడ ఎవరండీ? బతికే ఉన్నారా?" ఉన్నారు అన్నాను. పేరు నేను చెప్పేది కాదన్నాను.

ఆమె మిమ్మల్ని తిడుతుందో, కాళ్లకు దణ్ణం పెడుతుందో నాకు తెలియదు. ఆమెకే తెలియదనుకుంటాను.

మీ
శౌరి


చల్లపల్లి
11 అక్టోబరు 2025

శౌరీ,

ఆవిడ మర్యాద కాపాడాను అనుకున్నాను. కూతురి దగ్గర నుంచి తల్లిని తీసేశాను. నీ ఉత్తరం మా పెద్దబ్బాయి చేత కూడా చదివించి, వాడికేం అర్థమైందో కాగితం మీద రాయించుకున్నాను, నేను చదివింది తప్పేమోనని. తప్పు కాదు.

రెండో తేదీ పొద్దున నేను దిబ్బ మీద ఉంటాను. నువ్వు, ఆమోసు, ఆ పిల్ల వచ్చేలోపే ఉంటాను. మీ పండుగ, మీ సమాధులు, నేనొచ్చి ఏం చేయాలో నాకు తెలియదు. తొంభై ఏడు దగ్గర నిలబడతాను. ఆ పిల్ల వస్తే, చీర నాది అని నేనే చెబుతాను. తర్వాత ఆవిడ ఇష్టం.

అది అయ్యాక నన్ను ఒకటో నెంబరు నుంచి నడిపించు. దిమ్మె దిమ్మె దగ్గరా ఆగుదాం. నాకు తెలిసింది చెబుతాను. తెలియంది తెలియదంటాను. ఆ రెండు అబద్ధాలు ఎక్కడున్నాయో కూడా చూపిస్తాను. ఆ తల్లుల్లో ఒకావిడ ఇంకా బతికే ఉంది శౌరీ, నాగాయలంకలో. ఆవిడకేం చెప్పాలో నడుస్తూ ఇద్దరం ఆలోచిద్దాం.

పద్మ